ఇంజిన్ స్టార్టయింది, ఆయిల్ ఎక్కలేదు
ఉపాధి, శిక్షణ శాఖ డైరెక్టర్ గారికి ఆత్మకూరు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ప్రభుత్వ ఉపాధి, శిక్షణ శాఖ డైరెక్టర్ గారికి,



ఒక మెకానిక్ షెడ్డును ఊహించుకోండి. ఆత్మకూరులోనే అనుకుందాం. గద్వాలలో అయినా, వనపర్తిలో అయినా, నాగర్‌కర్నూల్‌లో అయినా కథ మారదు. రేకుల కింద ఒక పాత పెట్రోలు బండి. స్పార్కు సరిగా రావడం లేదని పని నేర్చుకుంటున్న కుర్రాడు డిస్ట్రిబ్యూటర్‌ను బయటికి తీశాడు. పాయింట్లు రుద్దాడు, కొత్త కండెన్సర్ వేశాడు, మళ్లీ లోపలికి దించి బోల్టు బిగించాడు. సెల్ఫ్ కొడితే ఇంజిన్ టక్కున అందుకుంది. కుర్రాడి ముఖం వెలిగింది. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటూ వెలిగే ఉంది.

"ఆయిల్ ఎక్కుతలేదు ఉస్తాద్!"

"ముందు బంద్ చెయ్ రా!"

ఉస్తాద్ ఆ సమయానికి షెడ్డులో ఉంటే బండి బతికినట్టే. చాయ్ తాగడానికి పోయుంటే కుర్రాడు ఏం చేస్తాడు? చాలామంది చేసేదే చేస్తాడు. కొంచెం రేస్ చేస్తే ఆయిల్ ఎక్కుతుందేమోనని యాక్సిలేటర్ తొక్కుతాడు. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడే క్రాంకు నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. తొక్కితే అది రెండు వేలు దాటుతుంది. అప్పుడు బేరింగుల మధ్య ఉండేది పాత ఆయిల్ తడి మాత్రమే. ఆ తడి ఆరితే మొదట టాపెట్ల చప్పుడు, తర్వాత కింది నుంచి దబదబ, ఆ తర్వాత బేరింగు షెల్లులు అరిగి క్రాంకు గీరుకుపోవడం. స్పార్కు బాగు చేయించుకుందామని వచ్చిన బండికి ఇంజిన్ ఓవరాలింగ్ బిల్లు పడుతుంది.

ఆ కుర్రాడు ఎక్కడ పొరపాటు చేశాడో, దాన్ని ఎలా సరిచేయాలో, ఐటీఐలో ఎవరైనా ఒక్కసారి చూపించి ఉంటే ఇది ఎలా తప్పేదో చెప్పడానికే ఈ లేఖ. బోల్టు బిగించడం అతనికి తెలుసు. బోల్టు కింద ఏముందో తెలియదు.

డిస్ట్రిబ్యూటర్ అంటే స్పార్కు పంచిపెట్టే పెట్టె అని అందరికీ తెలుసు. కాయిల్ నుంచి వచ్చే కరెంటును లోపల తిరిగే రోటర్ ఒక్కో ప్లగ్గుకు వంతులవారీగా అందిస్తుంది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్ 1909లో పెట్టిన డెల్కో కంపెనీ ఇలాంటి స్పార్కు ఏర్పాటుకు ఎంత పేరు తెచ్చిందంటే, కొన్ని దేశాల్లో ఈ పెట్టెను ఇప్పటికీ డెల్కో అనే పిలుస్తారు. కామ్ షాఫ్ట్ మీది పళ్లు దీన్ని తిప్పుతాయి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఇది ఒక చుట్టు తిరుగుతుంది. పుస్తకాల్లో ఇంతవరకు ఉంటుంది. పరీక్షలోనూ ఇంతవరకే అడుగుతారు.

పుస్తకంలో గట్టిగా చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. కొన్ని ఇంజిన్లలో ఈ షాఫ్టు డిస్ట్రిబ్యూటర్‌తో ఆగదు. కింది కొనలో చదునైన నాలుకో గాడో ఉంటుంది. అది ఇంకో కడ్డీని పట్టుకుంటుంది. ఆ కడ్డీ ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో ఉన్న పంపును తిప్పుతుంది. 1955లో షెవర్లే తెచ్చిన చిన్న వి-8 ఇంజిన్ ఇందుకు పేరున్న ఉదాహరణ. ప్రపంచంలో అత్యధికంగా తయారైన ఇంజిన్లలో అదొకటి. కామ్ డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పుతుంది, డిస్ట్రిబ్యూటర్ పంపును తిప్పుతుంది. పైన నిప్పు, కింద నూనె, రెండింటికీ మధ్య ఒకే కడ్డీ.

కుర్రాడు డిస్ట్రిబ్యూటర్ దించినప్పుడు పైపళ్లు కామ్‌తో కలిశాయి. కింది నాలుక మాత్రం పంపు కడ్డీ గాడిలో పడకుండా దాని అంచు మీద కూర్చుంది. అందుకే డిస్ట్రిబ్యూటర్ అంచుకూ బ్లాకుకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల సందు మిగిలింది. దాన్ని చూసి బోల్టు ఇంకొంచెం బిగించాడు. అసలు తప్పు అదే. బోల్టు పని పట్టి ఉంచడం. లాగి కూర్చోబెట్టడం దాని పని కాదు. సందు ఉన్నా పళ్లు కొంత కలిశాయి కాబట్టి రోటర్ తిరిగింది, స్పార్కు వచ్చింది, ఇంజిన్ స్టార్టయింది. స్టార్టు కాకుండా మొరాయించి ఉంటే నష్టమే జరిగేది కాదు.

ఆయిల్ లేకపోతే ఏమవుతుందని అడిగితే ఐటీఐ కుర్రాడు "లూబ్రికేషన్ పోతుంది సార్" అంటాడు. జవాబు తప్పు కాదు, కానీ అందులో బొమ్మ లేదు. ఆ బొమ్మ 1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరుకు అనుకోకుండా దొరికింది. రైలు బండి ఇరుసు బేరింగులను పరీక్షిస్తూ అతను బేరింగుకు పైన ఒక రంధ్రం వేశాడు. నూనె వేయడానికి వేసిన ఆ రంధ్రంలోంచి నూనె ఎదురు ఉబికింది. బిరడా పెడితే ఎగిరిపోయింది, కర్రముక్క కొట్టి మూస్తే అదీ బయటికి వచ్చింది. చివరికి గేజీ బిగించి చూశాడు. బేరింగు మీది బరువును లెక్కగడితే రావలసిన ఒత్తిడికి రెట్టింపు కంటే ఎక్కువ కనిపించింది. తిరిగే ఇరుసు తనంతట తానే నూనెను సందులోకి లాక్కుని, ఆ పొర మీద తేలుతోందన్నమాట. ఆ లెక్క ఎలా పనిచేస్తుందో ఆస్‌బార్న్ రేనాల్డ్స్ 1886లో సిద్ధాంతంగా రాశాడు. క్రాంకు బేరింగుల మధ్య సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అటూఇటూగా ఉంటుంది. క్రాంకు లోహం మీద తిరగదు, అంత పలుచని నూనె మీద తిరుగుతుంది. దాన్ని తేల్చే ఒత్తిడి తిరగడం వల్ల పుడుతుంది. కానీ నూనెను అక్కడిదాకా మోసుకొచ్చేది పంపు. పంపు ఆగితే తేలడానికి ఏమీ మిగలదు.

ఇది చదివి ఆత్మకూరు చుట్టుపక్కల ఎవరి దగ్గర షెవర్లే వి-8 ఉందని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. అందుకే మన ఊరి బండి దగ్గరికి వద్దాం.

ఆత్మకూరు ఒకప్పుడు అమరచింత సంస్థానానికి రాజధాని. తర్వాత మహబూబ్‌నగర్ జిల్లాలో తాలూకా కేంద్రం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు వనపర్తి జిల్లాలోకి వచ్చింది. ఈ ప్రాంతపు పాత తరానికి మోటారు బండి అంటే ముందు గుర్తొచ్చేది సమితి జీపు. 1959 అక్టోబరు 11న అదే మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో నెహ్రూ ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. పంచాయతీ సమితులు వచ్చాయి, వాటితోపాటు బీడీవోలు, బీడీవోలతోపాటు జీపులు. ఊరి పొలిమేరలో దుమ్ము లేస్తే సమితి జీపో, తహసీల్దారు జీపో అనుకునేవారు. 1980ల్లో మండలాలు వచ్చి సమితులు పోయినా ఆ జీపులు చాలాకాలం నడిచాయి. వేలంలో అమ్ముడుపోయినవి కార్తీకంలో కురుమూర్తి జాతరకు జనాన్ని మోశాయి.

ఆ జీపుల్లో పెట్రోలు ఇంజిన్ విల్లీస్ వంశానిది. మహీంద్రా కంపెనీ స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విల్లీస్ జీపులు బిగించడంతోనే ఈ వ్యాపారం మొదలుపెట్టింది. నాలుగు సిలిండర్లు, సుమారు 2,200 సీసీ, స్పార్కు వరుస 1-3-4-2. అసలు విషయం ఏమిటంటే, ఈ ఇంజిన్‌లో లెక్క తలకిందులు. కామ్ షాఫ్టు ముందు ఆయిల్ పంపును తిప్పుతుంది. పంపు షాఫ్టు కొనలో ఉన్న గాడిలో డిస్ట్రిబ్యూటర్ నాలుక పడి, పంపు వల్ల డిస్ట్రిబ్యూటర్ తిరుగుతుంది. షెవర్లేలో మేనమామ నడిపే ఇల్లు జీపులో మేనల్లుడు నడుపుతున్నాడు.

ఈ తేడా తెలియని మెకానిక్ రెండు రకాలుగా మోసపోతాడు. జీపులో డిస్ట్రిబ్యూటర్ ఒక్కటే తీసి పెట్టాక ఆయిల్ ప్రెషర్ పోతే, డిస్ట్రిబ్యూటర్‌ను పదిసార్లు పీకి పెట్టినా లాభం లేదు. దానికీ పంపు తిరగడానికీ సంబంధం లేదు. పంపును విప్పి ఉంటే మాత్రం అప్పుడు చూడాల్సింది ప్రెషర్ ఒక్కటే కాదు, టైమింగ్ కూడా. పంపు పన్ను ఒకటి అటో ఇటో కలిస్తే గాడి తిరిగిన దిక్కు మారుతుంది, దానితో రోటర్ దిక్కు మారుతుంది. బండి సైలెన్సరులో టపటప పేలుతుంది. కుర్రాడు కార్బొరేటర్ విప్పుతాడు.

అంబాసిడర్‌ది మూడో దారి. హిందుస్తాన్ మోటార్స్ ఉత్తరపాడాలో 2014 మే దాకా తయారుచేసిన ఆ కారుకు పాత 1489 సీసీ బీఎంసీ ఇంజిన్ ఉన్న రోజుల్లో డిస్ట్రిబ్యూటర్‌కు ఒక పళ్ల కడ్డీ, ఆయిల్ పంపుకు వేరే పళ్ల కడ్డీ. రెండూ కామ్ మీదివే అయినా ఒకదానితో ఒకటికి పనిలేదు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800లో ఇంకా దూరం. పంపు క్రాంకు ముందు కొనలో, డిస్ట్రిబ్యూటర్ పైన హెడ్డు దగ్గర. ఈ బండ్లలో డిస్ట్రిబ్యూటర్ పని చేశాక ఆయిల్ లైటు వెలిగితే కారణం ఇంకెక్కడో ఉంది.

ఎక్కడ? ఉస్తాదులు నవ్వుతూ చెప్పేది వైరు. ఆయిల్ ప్రెషర్ స్విచ్చు కొన్ని ఇంజిన్లలో డిస్ట్రిబ్యూటర్‌కు దగ్గరలోనే ఉంటుంది. పానా తిప్పుతుంటే మోచేయి తగిలి వైరు ఊడుతుంది, లేదా బాడీకి ఆనుకుంటుంది. ఆనుకుంటే ప్రెషర్ ఉన్నా లైటు వెలుగుతుంది. అది నయం, మనిషి భయపడి ఆగుతాడు. ఊడిపోతే ప్రెషర్ లేకపోయినా లైటు వెలగదు. ప్రెషర్ తక్కువైనప్పుడు స్విచ్చు వైరును ఎర్త్‌కు కలిపి లైటు వెలిగిస్తుంది, వైరే లేకపోతే వెలిగించేది ఎవరు? అందుకే తాళం తిప్పి, సెల్ఫ్ కొట్టకముందే ఎర్ర లైటు వెలిగిందో లేదో చూడాలి. వెలగని లైటును నమ్మరాదు. ఇది ఈనాటి బొలెరోకు, ట్రాక్టరుకు కూడా పనికొచ్చే మాట.

ఇప్పుడు రిపేరు సంగతి. షెవర్లే తరహా ఇంజిన్‌తో మొదలుపెట్టిన కుర్రాడిని అక్కడే వదిలేయడం న్యాయం కాదు.

పది సెకన్లలో గేజీ ముల్లు కదలకపోతే, లైటు ఆరకపోతే ఇంజిన్ ఆపేయాలి. "ఇంకొంచెం చూద్దాం" అనేదే ఇక్కడ ఖరీదైన మాట. తర్వాత గేజీ నిజం చెబుతోందో లేదో తేల్చుకోవాలి. స్విచ్చు ఊడదీసి ఆ రంధ్రంలో ముల్లు గేజీ బిగిస్తే సందేహం పోతుంది. డిప్‌స్టిక్ చూడటం చిన్నతనం కాదు. చాంబర్‌లో ఆయిలే లేకపోతే పంపును తిట్టి ఏం లాభం.

ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్ కింద సందు ఉందేమో వేలితో తడమాలి. ఉంటే, విప్పేముందు రోటర్ ఎటు చూస్తోందో బ్లాకు మీద సుద్దముక్కతో గీయాలి, డిస్ట్రిబ్యూటర్ బాడీకీ బ్లాకుకూ కలిపి ఇంకో గీత. ఈ రెండు గీతల విలువ, అవి గీయని రోజు తెలుస్తుంది. డిస్ట్రిబ్యూటర్ పైకి లాగి టార్చి వేస్తే రంధ్రం అడుగున పంపు కడ్డీ గాడి కనిపిస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ దించి ఆ గాడిని డిస్ట్రిబ్యూటర్ నాలుకకు సరిపోయేలా కొద్దిగా తిప్పాలి. పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి దించుతుంటే రోటర్ కొంత తిరుగుతుంది. అందుకే గీతకు కాస్త ముందు నుంచి దించాలి, కూర్చునేసరికి గీతకు వచ్చి ఆగుతుంది. ఒక్కసారికి కుదరదు. రెండు మూడుసార్లు తీసి వేయడం మెకానిక్ చేతగానితనం కాదు, ఆ పని స్వభావమే అంత.

ఇంకో ఉపాయం కూడా ఉంది. పళ్లు కలిసి నాలుక కలవకపోతే, కాయిల్ వైరు తీసేసి, డిస్ట్రిబ్యూటర్ మీద చేత్తో మెల్లగా ఒత్తుతూ క్రాంకును పానాతో తిప్పాలి. పంపు కడ్డీ కదలదు, నాలుక తిరుగుతూ తిరుగుతూ గాడి మీదికి వచ్చి టక్కున జారుతుంది. ఆ చిన్న శబ్దం, చేతి కింద ఆ చిన్న జారుడు — ఏ పుస్తకమూ నేర్పలేనిది అదే. అంచు బ్లాకుకు పూర్తిగా ఆనాకే బోల్టు.

అంతా సరిగా కూర్చున్నా ముల్లు లేవకపోతే, మధ్య కడ్డీ ఉందా అని చూడాలి. కొన్ని ఫోర్డు ఇంజిన్లలో డిస్ట్రిబ్యూటర్ తీసేటప్పుడు ఆరు పలకల కడ్డీ దానికి అతుక్కుని పైకి వచ్చి, దారిలో జారి చాంబర్‌లో పడిపోతుంది. అప్పుడు చాంబర్ దించడం తప్పదు. పంపు విప్పి ఎండిపోయి ఉంటే అది ఆయిల్‌ను పీల్చదు, గాలిని తిప్పుతుంది. పంపు పళ్ల మధ్య వ్యాజిలీన్ కూరి బిగించడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచి పద్ధతి. వ్యాజిలీన్ ఆయిల్‌లో కరిగిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ బయట ఉండగానే పొడవాటి కడ్డీని డ్రిల్లుకు బిగించి పంపును సరైన దిక్కున తిప్పితే ఇంజిన్ తిరగకుండానే గేజీ లేస్తుంది. ఆయిల్ ఎక్కిన క్షణంలో డ్రిల్లు బరువెక్కినట్టు చేతికి తెలుస్తుంది. డ్రిల్లు లేని షెడ్డులో ప్లగ్గులన్నీ విప్పి సెల్ఫ్ కొట్టవచ్చు. ఒత్తిడి లేని సిలిండర్లతో బేరింగుల మీద బరువు పెద్దగా పడదు. ముల్లు లేచాకే ప్లగ్గులు, ఆ తర్వాతే స్టార్టు.

డైరెక్టర్ గారూ, డిస్ట్రిబ్యూటర్ కాలం పోయిందని ఈ లేఖకు తెలుసు. మారుతీ 800కు కూడా 2000 ప్రాంతంలో ఇంజెక్షన్ వచ్చింది. మీ శాఖ టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను సుమారు 2,324 కోట్ల రూపాయలతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని పెట్టుకుంది. 2024 జూన్‌లో మల్లేపల్లిలో దానికి శంకుస్థాపన జరిగింది. రోబోలు రావాలి, ఎలక్ట్రిక్ బండ్లు రావాలి. మట్టి తట్టలు మోసిన తరం తర్వాత పాలమూరు పిల్లలు ఆ యంత్రాల ముందు నిలబడితే ఈ జిల్లాల్లో సంతోషపడని ఇల్లు ఉండదు.

అయినా ఒక పాత ఇంజిన్ కావాలని అడగడానికి కారణం ఉంది. కంప్యూటర్ పెట్టి కోడ్ చదివే బండిలో పిల్లవాడికి తెర మీద అక్షరాలు కనిపిస్తాయి, ఏది దేన్ని తిప్పుతోందో కనిపించదు. డిస్ట్రిబ్యూటర్, పంపు, కామ్ కలిసే చోటు చేత్తో తాకి చూడగలిగిన పాఠం. ఒక భాగం విప్పేముందు దానితో ఇంకేం కలిసి తిరుగుతోందని అడగడం ఒకసారి అలవాటైతే, టైమింగ్ బెల్టు విప్పినా, ట్రాక్టరు హైడ్రాలిక్ పంపు విప్పినా ఆ పిల్లవాడు అదే అడుగుతాడు. పైగా చిన్న గిరాకీ కూడా ఉంది. 50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా నమోదు చేసే నిబంధనలు 2021లో వచ్చాయి. ఆ నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలు ఉంటాయి. ఆ బండ్లకు చేతి పని తెలిసిన మెకానిక్ కావాలి.

అడుగుతున్నది పెద్దది కాదు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ పిల్లలు చదివే ఐటీఐల్లో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడుకు ఒక పాత పెట్రోలు ఇంజిన్ ఇప్పించండి. బ్లాకు పక్క కోసి, కామ్, డిస్ట్రిబ్యూటర్, పంపు కలిసే చోటు కనిపించేలా పెట్టాలి. వీలైతే రెండు: ఒకటి డిస్ట్రిబ్యూటర్ పంపును తిప్పేది, ఒకటి జీపుది. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ బండ్లను 2023 ఏప్రిల్ 1 నుంచి తుక్కుకు పంపుతున్నారు కాబట్టి వాటిలోంచి తీసుకోవచ్చని తోస్తుంది. కానీ వాటిలో ఎక్కువ డీజిలువి, డిస్ట్రిబ్యూటర్ దొరకదు. వాటి నుంచి ఆయిల్ పంపు, ప్రెషర్ స్విచ్చు పాఠానికి ఒక డీజిల్ ఇంజిన్ తీసుకుని, పెట్రోలు ఇంజిన్ మాత్రం కొనాల్సిందే. మూలన పడిన జీపు ఇంజిన్ ఇనుము ధరకు కాస్త పైన దొరుకుతుంది. కోయడానికి వర్క్‌షాపు కావాలంటే వనపర్తి రాజమహల్‌లో నడుస్తున్న కేడీఆర్ పాలిటెక్నిక్ ఉంది. అది వేరే శాఖ కిందిదే, కానీ ఒక ఉత్తరం దూరమే.

బోధించడానికి మనుషులూ ఇక్కడే ఉన్నారు. ఏ సర్టిఫికెట్టూ లేకుండా నలభై ఏళ్లు ఇంజిన్లు విప్పిన ఉస్తాదులు ప్రతి మండల కేంద్రంలో ఒకరిద్దరు మిగిలారు. అనుభవానికి గుర్తింపు ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి కేంద్ర నైపుణ్య పథకాల్లో ఇప్పటికే ఉంది. వాళ్లకు ఆ కాగితం ఇప్పించి, ఏడాదికి రెండు రోజులు గౌరవ వేతనంతో ఐటీఐకి పిలిపించండి. తరగతిలో ఉపన్యాసం అడగవద్దు. డిస్ట్రిబ్యూటర్ చేతికిచ్చి దించమనండి, పిల్లలను చుట్టూ నిలబెట్టండి. ఆ టక్కుమనే శబ్దం ఒక్కొక్కరూ తమ చేతితో వినేదాకా ఆ రోజు తరగతి ముగించవద్దు.

ఇంకొకటి. ఆ ఇంజిన్ పక్కన పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి, ముల్లు గేజీ ఒకటి, సుద్దముక్క ఒకటి పెట్టించండి.

ఇట్లు,
మోటారు పని మీద అభిమానం ఉన్న ఒక పాఠకుడు,
ఆత్మకూరు, వనపర్తి జిల్లా